ఫైల్ పేరు కావాలా, లోపలి మాట కావాలా? విండోస్‌లో వెతుకులాట వేగం సంగతి

“ఏ సాఫ్ట్‌వేర్ ఫాస్ట్‌గా వెతుకుతుంది అక్కా?” అని ఎవరడిగినా నేను ముందు ఎదురు ప్రశ్నే వేస్తాను. నీకు ఫైల్ పేరు గుర్తుందా, లోపల ఉన్న మాట గుర్తుందా? పేరు గుర్తుంటే సెకన్ల పని. లోపలి మాట పట్టుకుని వెతకాలంటే సిస్టమ్ అంతకుముందే ప్రతి ఫైలూ తెరిచి చదువుకుని ఉండాలి, అది గంటల పని. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేసి ఫలానాది సూపర్, ఫలానాది దండగ అని తీర్పులు చెప్పేస్తుంటారు జనం.

విజయవాడ గవర్నర్‌పేటలో మాది డీటీపీ సెంటర్. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, షాపుల బిల్లు పుస్తకాలు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు. ఈ వ్యాపారంలో సగం పాత ఫైలు దొరకడం మీదే నడుస్తుంది. “మా పెద్దాడి పెళ్లికి మీరే కొట్టారమ్మా, ఆ కార్డే కావాలి, పేర్లు మార్చి ఇవ్వండి” అంటూ మాఘమాసం ముహూర్తాలప్పుడు ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఏ సంవత్సరమో చెప్పడు. ఆయన టీ తాగేలోపు కార్డు తెర మీదుండాలి. లేకపోతే పక్క సందులో ఇంకో సెంటరుంది.

కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అచ్చంగా పనికొచ్చే కోణంలోనే చెబుతాను.

విండోస్‌లో ఉన్న సెర్చ్ ఎందుకు ఈడుస్తుంది

స్టార్ట్ మెనూలో కొడితే మా ఫైళ్లు రావట్లేదు అనే ఫిర్యాదుకి కారణం చాలాసార్లు ఒకటే. విండోస్ సెర్చ్ మామూలుగా క్లాసిక్ అనే పద్ధతిలో ఉంటుంది. అది డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ లాంటివే ముందుగా చదివి జాబితా రాసి పెట్టుకుంటుంది, ఆ జాబితానే ఇండెక్స్ అంటారు. మన దగ్గర సిస్టమ్ అసెంబుల్ చేసిచ్చే ప్రతి కుర్రాడూ డిస్కుని సి, డి, ఇ అని ముక్కలు చేసి, “పనంతా డి లో పెట్టుకోండి మేడమ్, సి లో పెడితే ఓఎస్ మళ్లీ వేసినప్పుడు పోతుంది” అని చెప్పి వెళ్తాడు. సలహా మంచిదే. కానీ ఆ డి, ఇ డ్రైవులు ఇండెక్స్‌లో ఉండవు. అక్కడ ఎక్స్‌ప్లోరర్‌లో పేరు కొడితే విండోస్ అప్పటికప్పుడు ఒక్కో ఫోల్డర్‌లోకీ దూరి వెతుకుతుంది, పైన ఆకుపచ్చ గీత పాకుతూనే ఉంటుంది. అక్కడ ఇండెక్స్ స్లో అయిందనడానికి లేదు. అసలు ఇండెక్సే లేదు.

చూసుకోవడం తేలిక. స్టార్ట్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ అని కొట్టండి. పైన ఎన్ని ఐటమ్స్ ఎక్కాయో అంకె ఉంటుంది, పక్కన పని పూర్తయిందో, నడుస్తోందో రాసుంటుంది. కింద ఏయే ఫోల్డర్లు చేరి ఉన్నాయో జాబితా. మాడిఫై నొక్కి మీ పని ఫోల్డర్‌కి టిక్ పెడితే చాలు. విండోస్ 10 లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచి ఎన్‌హాన్స్‌డ్ అనే పద్ధతి కూడా ఇచ్చారు, అది పెడితే మొత్తం సిస్టమ్ చదువుతుంది. నా మటుకు అది అనవసరం. పని ఫోల్డర్లు మాత్రమే కలపండి.

ఎందుకంటే, ఇది పేరుతో ఆగదు. వర్డ్ ఫైలు, పీడీఎఫ్, టెక్స్ట్ ఫైలు తెరిచి లోపలి మాటలన్నీ తీసుకుంటుంది. మొదటిసారి ఇండెక్స్ కట్టడానికి ఒకట్రెండు గంటలు పట్టొచ్చని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెబుతారు. పైగా మనం పని చేసుకుంటుంటే అది కావాలని తగ్గుతుంది. ‘ఇండెక్సింగ్ స్పీడ్ ఈజ్ రెడ్యూస్డ్ డ్యూ టు యూజర్ యాక్టివిటీ’ అని అక్కడే కనిపిస్తుంది. అంటే మీరు మౌస్ కదుపుతూ “ఇంకా కాలేదేంటి” అని చూస్తున్నంతసేపూ అది కాదు. రాత్రి షాపు మూసేటప్పుడు సిస్టమ్ ఆన్‌లో ఉంచి వెళ్లిపోండి, స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి, బ్యాటరీ మీద అది మరీ ముడుచుకుంటుంది.

ఇంకో పరిమితి ఉంది. ఇండెక్స్‌లో ఐటమ్స్ 4 లక్షలు దాటితే బరువెక్కడం మొదలవుతుంది, 10 లక్షల దాకా వెళ్తే అదిక మోయలేదు. ఇదీ మైక్రోసాఫ్ట్ చెప్పే లెక్కే. డీటీపీ సెంటర్‌లో ఆ అంకెలు దాటడం పెద్ద విషయం కాదు, క్లిప్ ఆర్ట్ ఫోల్డర్లే చాలు. అందుకే క్లిప్ ఆర్ట్, ఫాంట్లు, ఫోటోషాప్ బ్రష్‌లు ఉన్న ఫోల్డర్లకి టిక్ తీసేయండి. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే ఫైల్ టైప్స్ అనే చోట ఒక్కో రకానికీ లోపలి మాటలు చదవాలా, పేరు వివరాలు చాలా అని విడివిడిగా చెప్పొచ్చు. అక్కడే రీబిల్డ్ బటన్ కూడా ఉంది. దాన్ని ఊరికే నొక్కకండి. నొక్కితే కట్టిందంతా కూలగొట్టి మళ్లీ మొదటినుంచి మొదలెడుతుంది.

ఎవ్రీథింగ్ ఎందుకంత వేగం

పేరు మీద వెతకడానికి మా షాపులో అన్ని సిస్టమ్స్‌లోనూ ఉండేది ఎవ్రీథింగ్ అనే సాఫ్ట్‌వేర్. వాయిడ్‌టూల్స్ వాళ్లది, ఉచితం, ఇన్‌స్టాలర్ చాలా చిన్నది. వాళ్లు చెప్పే లెక్క ప్రకారం కొత్తగా విండోస్ 10 వేసిన సిస్టమ్‌లో ఉండే సుమారు 1,20,000 ఫైళ్లకి ఇండెక్స్ కట్టడానికి ఒక సెకను, 10 లక్షల ఫైళ్లకి ఒక నిమిషం. నమ్మబుద్ధి కాదు గానీ నిజమే.

మాయేమీ లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన ప్రతి డ్రైవ్‌లోనూ మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఒక పట్టిక ఉంటుంది. ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది, దాని పేరేంటి, ఎంత పెద్దది, ఎప్పుడు మారింది, అన్నీ అందులోనే. వెనకటికి విజయవాడ స్టేషన్‌లో బోగీ తలుపు పక్కన రిజర్వేషన్ చార్టు అంటించేవారు గుర్తుందా? లోపలికెక్కి బెర్తు బెర్తుకీ వెళ్లి “మీ పేరేంటండీ” అని అడగక్కర్లేదు, కిందనుంచే చార్టు చదివేస్తే సరి. ఎవ్రీథింగ్ చేసేదీ అంతే. ఒక్క ఫైలు కూడా తెరవదు. తెరవదు కాబట్టి యాంటీవైరస్ కూడా అడ్డం పడదు. లోపలి మాటలు చదివే టూల్‌కి ఆ సౌఖ్యం లేదు, అది తెరిచే ప్రతి ఫైలునీ యాంటీవైరస్ ఒకసారి తడిమి చూస్తుంది.

లెక్క మీరే కట్టుకోవచ్చు. ఆ పట్టికలో ఒక్కో ఫైలుకి మామూలుగా 1 కేబీ ఉంటుంది. 10 లక్షల ఫైళ్లంటే దాదాపు 1 జీబీ. సెకనుకి 100 ఎంబీ చదివే పాత హార్డ్‌డిస్క్‌కి ఎంత లేదన్నా పది సెకన్లు, పట్టిక ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంటే ఇంకా ఎక్కువ. ఎస్‌ఎస్‌డీ అయితే ఆ చెదరడం పెద్దగా లెక్కలోకి రాదు. గమనించారా, ఇక్కడ ఫైళ్ల సైజుతో పని లేదు, ఎన్ని ఫైళ్లున్నాయనేదే లెక్క. పది పెళ్లి వీడియోలున్న నిండు డిస్కు కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. చిన్నచిన్న క్లిప్ ఆర్ట్ బొమ్మలతో నిండిన సగం ఖాళీ డిస్కుకి టైం పడుతుంది.

మొదటిసారి అయ్యాక అసలు సుఖం మొదలవుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన డ్రైవ్‌లో జరిగిన ప్రతి మార్పునీ యూఎస్‌ఎన్ జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటుంది. ఎవ్రీథింగ్ ఆ చిట్టాని చూస్తూ ఉంటుంది, కొత్త ఫైలు సేవ్ చేసిన క్షణంలోనే జాబితాలోకి వచ్చేస్తుంది. పొద్దున సిస్టమ్ ఆన్ చేసినా మళ్లీ మొత్తం చదవదు, నిన్నటి నుంచి చిట్టాలో ఎక్కినవి మాత్రం చూసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయి సిస్టమ్ టప్పున ఆగిపోయినా ఇదే చిట్టా ఆదుకుంటుంది.

పెట్టుకునేటప్పుడు రెండు సంగతులు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎవ్రీథింగ్ సర్వీస్ అనే దానికి టిక్ ఉంచండి. ఆ పట్టికని నేరుగా చదవాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలి. సర్వీస్ ఉంటే ప్రతిసారీ అనుమతి అడగదు. రెండోది, ఆప్షన్స్‌లో ఇండెక్సెస్ కింద కనిపించే టిక్కులన్నీ ఆవేశపడి పెట్టేయకండి. సైజు, మార్చిన తేదీ చాలు. ఫోల్డర్ సైజు, తయారైన తేదీ అంటూ కలిపినకొద్దీ ఇండెక్స్ కట్టే టైమూ పెరుగుతుంది, ర్యామూ తింటుంది. మామూలుగా పెడితే 10 లక్షల ఫైళ్లకి ర్యామ్ 75 ఎంబీ దాకా, డిస్కులో 45 ఎంబీ దాకా పడుతుందని వాళ్ల లెక్క. 4 జీబీ ర్యామ్ సిస్టమ్ కూడా ఓర్చుకుంటుంది.

ఒక జాగ్రత్త. ఇది డిస్కులో ఉన్న ప్రతి పేరునీ చూపిస్తుంది. మాలాంటి చోట్ల కస్టమర్ల ఆధార్ స్కాన్లు, పాన్ కార్డులు డిస్కులో పడి ఉంటాయి. కౌంటర్ వైపు తిరిగున్న మానిటర్‌లో “ఆద” అని మూడక్షరాలు ఇంగ్లిష్‌లో కొట్టగానే ఊళ్లోవాళ్ల ఆధార్లన్నీ వరసగా వస్తే బాగోదు. ఆప్షన్స్‌లో ఎక్స్‌క్లూడ్ అనే చోట ఆ ఫోల్డర్‌ని కలిపేయండి. అంతకన్నా మంచిది, ప్రింటు ఇవ్వగానే వాటిని డిలీట్ చేసేయడం.

వెతికేటప్పుడు

ఆయన టీ తాగేలోపు కార్డు తీయాలన్నాను కదా, అదెలాగో చెబుతాను. పెళ్లికూతురు పేరు లక్ష్మి అనుకోండి. ఫైలుకి పేరు పెట్టింది ఏ కుర్రాడో బట్టి ఇంగ్లిష్‌లో ఎక్స్ తో ఉండొచ్చు, కెఎస్‌హెచ్ తో ఉండొచ్చు. రెండు స్పెల్లింగులూ కొట్టి మధ్యలో | అనే నిలువు గీత పెట్టండి, ఖాళీ లేకుండా. అదైనా ఇదైనా అని అర్థం. తర్వాత ఒక స్పేస్ ఇచ్చి, ఈఎక్స్‌టీ అనే మూడక్షరాలు, కోలన్, సీడీఆర్. అంటే కార్డులు డిజైన్ చేసే కోరెల్‌డ్రా ఫైళ్లు మాత్రమే. ఇంకో స్పేస్ ఇచ్చి డీఎం, కోలన్, 2019 అంటే ఆ సంవత్సరంలో చివరిసారి మార్చినవి. ఏ సంవత్సరమో ఆయన చెప్పకపోయినా “మీ అబ్బాయికి ఇప్పుడు పిల్లలా, ఏ క్లాసు?” అని అడిగితే మనకి తెలిసిపోతుంది.

అప్పటికీ జాబితా బారెడు వస్తుంది. అందులో సగం ‘బ్యాకప్ ఆఫ్’ అని మొదలయ్యేవే, కోరెల్‌డ్రా తనంతట తాను చేసిపెట్టే కాపీలు. చివర్లో ఒక స్పేస్, ఆశ్చర్యార్థకం, దాన్ని ఆనుకునే బ్యాకప్, అండర్‌స్కోర్, ఆఫ్ అని కొట్టండి. అవన్నీ మాయమవుతాయి. వాటిని ఇండెక్స్‌లోంచే తీసేయమని కొందరంటారు, నేనొప్పుకోను. అసలు ఫైలు పాడైన రోజున మనల్ని గట్టెక్కించేది ఆ కాపీయే.

స్టార్ గుర్తు వాడేవాళ్లకి ఒక మాట. స్టార్ పెట్టగానే ఎవ్రీథింగ్ మొత్తం పేరుతో పోల్చడం మొదలెడుతుంది. మాట మధ్యలో మాత్రమే స్టార్ పెడితే ముందు ఆ అక్షరాలతో మొదలై, చివర ఆ అక్షరాలతో ముగిసే పేర్లే వస్తాయి. “ఉన్న ఫైలు కూడా చూపించట్లేదు” అనేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ముందూ వెనకా కూడా స్టార్ పెట్టండి.

తెలుగులో పేర్లు పెట్టినా దొరుకుతాయి, యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగులో ఉంటే చాలు. కాకపోతే ‘కార్డ్‌లు’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం దూరుతుంది, కీబోర్డుని బట్టి. పేరులో అదుండి, వెతికేటప్పుడు మీరు కొట్టిన దాన్లో లేకపోతే కలవకపోవచ్చు. మాటలో కొంత ముక్కే కొట్టి చూడండి.

లోపలి మాట వెతకాలంటే, అను ఫాంట్ల దగ్గర ఆగాలి

ఇది డీటీపీ వాళ్లకీ, ప్రెస్సుల వాళ్లకీ, పాత పత్రికాఫీసుల వాళ్లకీ ముఖ్యంగా. అను స్క్రిప్ట్ అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన తెలుగు మన కంటికి తెలుగే, సిస్టమ్‌కి కాదు. లోపల దాచి ఉండేవి ఇంగ్లిష్, యూరప్ భాషల అక్షరాల కోడ్‌లు, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగింది ఫాంట్. ఆ ఫాంట్ తీసేసి చూడండి, చుక్కలూ టోపీలూ ఉన్న పిచ్చి అక్షరాలే మిగుల్తాయి. కాబట్టి మీరు యూనికోడ్‌లో ‘శుభముహూర్తం’ అని కొట్టి వెతికితే ఏ టూల్ తెచ్చినా, ఎన్ని గంటలు ఇండెక్స్ కట్టించినా ఒక్కటీ దొరకదు. పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా ఫైళ్ల లోపలికి విండోస్ తనంతట తాను దూరదు కూడా. ఇక ప్రింటుకి పంపే ముందు అక్షరాలని కర్వ్స్ చేసేస్తాం కదా, ఆ తర్వాత అక్కడ అక్షరమే లేదు, గీతలున్నాయంతే. దాన్నుంచి తీసిన పీడీఎఫ్‌లోనూ అంతే. స్కాన్ చేసిన పీడీఎఫ్ సరేసరి, అది ఫోటో.

అందుకే ఇలాంటి ఫైళ్లకి లోపలి మాటల ఇండెక్స్ కట్టించడం సిస్టమ్‌ని ఊరికే అరగదీయడం. మేం చేసేది, వివరాలన్నీ ఫైలు పేరులోనే పెట్టేయడం: ముందు సంవత్సరం, నెల, తర్వాత ఇంటిపేరు, ఊరు, పని రకం. 2024 అండర్‌స్కోర్ 02, ఇంటిపేరు, తెనాలి, వెడ్డింగ్. కస్టమర్‌కి ముహూర్తం గుర్తుండకపోవచ్చు గానీ ఇంటిపేరూ ఊరూ మర్చిపోడు. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఒరిజినల్ ఫైనల్’ అని పేర్లు పెట్టే కుర్రాళ్లని మాత్రం ఆపడం నా వల్ల కాలేదు.

యూనికోడ్‌లో కొట్టిన వర్డ్ ఫైళ్లు, ఇంగ్లిష్ కొటేషన్లు, అక్షరాలున్న పీడీఎఫ్‌లు అయితే విండోస్ సెర్చ్‌కి ఆ ఫోల్డర్ అప్పజెప్పండి, ఒక రాత్రి వదిలేయండి, తర్వాత బాగానే పనిచేస్తుంది. ఎవ్రీథింగ్ 1.4 లోనూ కంటెంట్ అని కొట్టి కోలన్ పెట్టి మాట వెతకొచ్చు, కానీ దానికి ఇండెక్స్ లేదు, అప్పటికప్పుడు ఒక్కో ఫైలూ తెరుస్తుంది. ముందు ఫోల్డరూ ఫైల్ రకమూ చెప్పి పరిధి తగ్గించాకే వాడాలి. ఎప్పుడో ఒకసారి వెతికేవాళ్లకి ఇండెక్సే కట్టని ఏజెంట్ రాన్‌సాక్ అనే టూల్ కూడా చాలు.

బయటి డిస్కులు, పక్క సిస్టమ్

బ్యాకప్ హార్డ్‌డిస్క్ తగిలించగానే ఎవ్రీథింగ్ స్లో అయిందంటే, ఆ డిస్కు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ చూడండి. ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 అని ఉంటే అక్కడ ఆ పట్టికా లేదు, చిట్టా లేదు. ఆప్షన్స్‌లో ఫోల్డర్స్ అనే చోట దాన్ని కలపాలి, అప్పుడది ఫోల్డర్ ఫోల్డర్‌కీ తిరుగుతుంది. విండోస్ సిస్టమ్స్‌కి మాత్రమే తగిలించే డిస్కు అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంచడం మేలు. ఫ్యాట్32 ని కన్వర్ట్ అనే కమాండ్‌తో డేటా ఉండగానే ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చొచ్చు, ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ వీల్లేదు, డేటా పక్కకి తీసి ఫార్మాట్ కొట్టాల్సిందే. రెండింట్లోనూ ముందు ఇంకో కాపీ తీసుకునే మొదలెట్టండి.

షాపులో పక్క సిస్టమ్ డిస్కుని నెట్‌వర్క్‌లో షేర్ చేసుకుని ఇక్కడినుంచి ఇండెక్స్ కట్టించినా ఇదే నత్తనడక. డిస్కు ఎక్కడుందో ఆ సిస్టమ్‌లోనే ఎవ్రీథింగ్ వేయండి.

స్పీడ్ కొలవాలనుకుంటే

ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఎవ్రీథింగ్‌లో ఆప్షన్స్, ఇండెక్సెస్, ఫోర్స్ రీబిల్డ్. కింది బార్‌లో మొత్తం ఎన్ని ఆబ్జెక్ట్స్ వచ్చాయో రాసుకోండి, ఆ అంకె లేకుండా సెకన్లు చెప్పడంలో అర్థం లేదు. వెంటనే రెండోసారి చేస్తే ఇంకా తొందరగా అవుతుంది, ఎందుకంటే చదివిందంతా ర్యామ్‌లో ఇంకా ఉంటుంది. అందుకని ప్రతి కొలతకీ ముందు రీస్టార్ట్ చేయండి. విజ్‌ఫైల్ అనే ఇంకో టూల్ కూడా ఇదే పట్టిక చదివేదే, దాన్నీ ఇలాగే పరీక్షించుకోవచ్చు. ఒకే డిస్కు మీద ఈ రెండిటి మధ్యా నాకు బేరం పోగొట్టేంత తేడా కనబడలేదు. ఎవ్రీథింగ్‌ని, విండోస్ సెర్చ్‌ని పక్కపక్కన పెట్టి స్టాప్‌వాచ్ నొక్కకండి, చేసే పనులే వేరు.

పాత బ్యాకప్ సీడీలు, డీవీడీలు ఉన్నవాళ్లు మూఢంలో పని పలచగా ఉన్నప్పుడు ఇది చేసి పెట్టుకోండి. ఎవ్రీథింగ్‌లో టూల్స్ కింద ఫైల్ లిస్ట్ ఎడిటర్ ఉంది. సీడీ పెట్టి దాన్లోని పేర్ల జాబితాని ఒక ఈఎఫ్‌యూ ఫైలుగా సేవ్ చేసి, ఆప్షన్స్‌లో ఫైల్ లిస్ట్స్ దగ్గర కలిపేయండి. ఆ ఈఎఫ్‌యూ ఫైలుకి పెట్టిన నంబరే సీడీ కవర్ మీద స్కెచ్ పెన్‌తో రాయండి. తర్వాత పేరు కొడితే సీడీ డ్రైవ్‌లో లేకపోయినా ఫలానా నంబరులో ఉందని వస్తుంది. తీసి పెట్టుకోవడమే.